భీష్ముడి మాట దాకా

రాత్రి ఎనిమిది దాటింది. కనగానపల్లిలో ఈ ఇంటి గడప దాటితే మొదట తగిలేది వేయించిన చెనిక్కాయల వాసన. లోపల రోట్లో ఊరుబిండి నూరుతున్నారు. సంగటి ముద్దలు దిగేలోగా చదువు కొంచెం సాగుతుంది. మీకూ చాప వేసి ఉంది, కూర్చోండి.

ఆషాఢం సగం గడిచింది. మధ్యాహ్నం మబ్బు పట్టింది, గాలి తోలింది, మబ్బు ధర్మవరం వైపు వెళ్లిపోయింది. చేలు దున్ని పెట్టారు, విత్తనం కాయలు వలిచి సంచుల్లో ఉంచారు, పదును మాత్రం లేదు. నైరుతి వానలను పడమటి కనుమలే అడ్డుకుంటాయి, ఈశాన్య వానలు కోస్తాలోనే చాలావరకు కురిసేస్తాయి. రెంటికీ నడుమ చిక్కిన అనంతపురం సీమకు ఏడాదంతా కలిపి దక్కేది 550 మిల్లీమీటర్ల చిల్లర. అందులోనూ ఈ నెల తప్పితే చెనిక్కాయకు అదును తప్పినట్టే. అందుకే ఇవాళ వ్యాసపీఠం మీద ఉన్నది రామాయణం కాదు, వానల కోసం చదివే విరాటపర్వం.

పుస్తకాన్ని దగ్గరగా చూడండి. టీకాతాత్పర్యాలతో టీటీడీ అచ్చేసిన సంపుటం. వెన్ను ఊడితే చీరల డబ్బా అట్ట కోసి అతికించారు. మొదటి పేజీల మూలలు పసుపు వేళ్లకు నలిగి మెత్తబడ్డాయి. చివరి ఆశ్వాసం కాగితాలు మాత్రం ఇంకా కరకరలాడుతున్నాయి. చాలా ఏళ్లు చదువు అంతదాకా పోలేదన్నమాట.

చదివేది డిగ్రీ చదువుతున్న మనవరాలు. నిరుటి దాకా నాయన చదివేవాడు, కంట్లో పొర వచ్చాక పుస్తకం బిడ్డకు ఇచ్చి అర్థం చెప్పడం తన దగ్గర ఉంచుకున్నాడు. ఆ పిల్ల పద్యాన్ని పాఠంలా గబగబా చదివి ఒకచోట తడబడింది. గోడకు ఆనుకుని ఉన్న అవ్వ కళ్లు తెరవకుండానే అంది.

“ఆడ కాదు మ్మా విరిచేది. ఇంగొంచెం ముందుకు పోయి నిలుపు.”

“నీకు అక్షరమే రాదు కదవ్వా!”

“అక్షరం రాకుంటే ఏమి, పద్యం వచ్చు.”

పిల్ల మళ్లీ చదివింది. ఈసారి పద్యం దారిలో పడింది. చదువు రాని మనిషి దిద్దితే చదువుకున్న మనిషి దిద్దుకోవడం పల్లెల్లో పురాణం జరిగే ఇళ్లలో కొత్తేమీ కాదు. అవ్వ వాళ్ల నాయన చదువుతుంటే విని పట్టిన పద్యాలవి. అచ్చు పుస్తకం ఈ ఇంటికి ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోయాడు. నెల్లూరి తిక్కన దాన్ని అలాగే వదిలి విరాటపర్వంతో మొదలుపెట్టి, 15 పర్వాలు రాసి హరిహరనాథుడికి అంకితమిచ్చాడు. హరి, హరుడు ఒక్కరే అన్న దేవుడు ఈ ఇంటికి బాగా పనికొచ్చాడు. అత్తది నామం, ధర్మవరం మగ్గాలింటి నుంచి వచ్చిన కోడలిది విభూతి. అటక మీద ‘సనాతన సారథి’ పాత సంచికల కట్ట కూడా ఉంది. 1958లో పుట్టపర్తి నుంచి మొదలైన ఆ పత్రికను అవ్వ తమ్ముడు తెప్పించేవాడు. ఇంట్లో బాబాను నమ్మేవాళ్లూ ఉన్నారు, నమ్మనివాళ్లూ ఉన్నారు. కట్టను మాత్రం ఎవరూ పాత కాగితాలవాడికి వేయలేదు.

కథ కీచకుడి చావు దాటింది. వేగులు తిరిగొచ్చి పాండవుల జాడ లేదంటున్నారు. అజ్ఞాతవాసం గడువు ముంచుకొస్తోంది, దుర్యోధనుడికి నిద్ర లేదు. అప్పుడు భీష్ముడు నోరు విప్పుతాడు. నాయన గొంతు తగ్గించి అర్థం చెబుతున్నాడు: ధర్మరాజు ఉన్న దేశంలో వానలు అదునుకు కురుస్తాయి, పైరు పండుతుంది, ఆవులు చేపుతాయి, ఆ గుర్తులు పట్టుకుని వెతకండి.

వానల కోసం ఈ పర్వమే ఎందుకు చదువుతారంటే నాకు తోచే జవాబు ఇక్కడ ఉంది. భీష్ముడు చెప్పింది మనిషిని వెతకడానికి గుర్తు. పల్లె దాన్ని తిరగేసుకుంది. ధర్మరాజును కథతో ఊళ్లోకి రప్పిస్తే వాన తానే వెనకాల రావాలి కదా!

అరుగు మీద నుంచి పక్కింటి సాయిబు మామ అడిగాడు. “అంటే మనూర్లో వాన లేదంటే ధర్మరాజు లేడనేనా బ్బా?”

అందరూ నవ్వారు. అవ్వ నవ్వలేదు. “అందుకే గదప్పా పిలుస్తా ఉండేది.”

ఆయన రోజూ వస్తాడు, అరుగు మీదే కూర్చుంటాడు. ఆయన ఇంట్లోనూ ఇలాంటి చెక్కపీటే ఉంది, దాని మీద ఖురాన్ ఉంటుంది. పిల్లలకు వచ్చింది తెలుగే కనుక తెలుగు ఖురాన్ కూడా తెచ్చిపెట్టాడు. ఖురాన్‌ను తొలిసారి తెలుగు చేసిన చిలుకూరి నారాయణరావు అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు చెప్పిన పండితుడని ఆయనకు తెలుసు. చెప్పేటప్పుడు “మన అనంతపురం అయ్యవారు” అంటాడు. రంజాన్ నెలలో ఆ పుస్తకం ఈ ఇంటికి వచ్చింది, నాయన చదివి అట్ట వేసి తిరిగి ఇచ్చాడు. దాని గురించి ఎవరూ పెద్ద మాటలు చెప్పుకోలేదు. ఎరువు బస్తా అప్పు తెచ్చుకున్నట్టే పుస్తకమూ తెచ్చుకున్నారు.

ఇవాల్టికి చదువు నిలిపారు. నాయన సంపుటం చివరి అట్ట లోపలివైపు తెరిచి చూపించాడు. నీలం పెన్నుతో వరసగా రాతలు. ఏ ఏడు ఏ రోజు చదువు పట్టారో, పక్కనే ఎంత వాన పడిందో. ‘ఒక పదును’, ‘రెండు పదునులు’, ‘చినుకులు’. కొన్ని తేదీల పక్కన ఏమీ లేదు, ఖాళీ. ఆ ఖాళీలను ఎవరూ దాచలేదు, వాటికి సంజాయిషీ రాసినవాళ్లూ లేరు. మరుసటి ఏడు మళ్లీ తేదీ వేసి ఉంది.

ఇంతలో వాకిట్లో మోటార్ సైకిల్ ఆగింది. మామిళ్లపల్లి నుంచి చుట్టాల పిల్లోడు వచ్చాడు. వాళ్ల గుడిలో రేపటి నుంచి చదువు పెట్టుకుంటారట, పుస్తకం కావాలట.

“ఉత్తర గోగ్రహణం కానీ, ఇస్తాం,” అంది అవ్వ. “నడుమ ఇస్తే రెండూళ్లకీ కాకుండా పోతుంది.”

“అంతవరకూ మేమేం చేయాలవ్వా?”

“మీరందరూ ఈడికే రాండి. చాపలు మాత్రం మీవి మీరు తెచ్చుకోండి.”