రెండు వైపుల నుంచి చదివే అతిధ్వని వేలిముద్ర సెన్సర్

అతిధ్వని వేలిముద్ర సెన్సర్ అనగా మనిషి చెవికి వినబడని ధ్వని తరంగాలను వేలికొనపైకి పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనులను బట్టి వేలిముద్ర చిత్రాన్ని తయారుచేసే పరికరం. సెల్‌ఫోన్లలో దీనిని సాధారణంగా తెర కింద అమర్చుతారు. అప్పుడు అది తెర వైపున ఉంచిన వేలిని మాత్రమే చదువుతుంది. ఒకే సెన్సర్ పరికరం ముందు భాగం నుంచీ, వెనుక భాగం నుంచీ కూడా వేలిముద్రను చదివేలా రూపొందించడం ఈ రంగంలోని క్లిష్టమైన సమస్యలలో ఒకటి.

నేపథ్యం

వేలికొన చర్మంపై గట్లు, వాటి మధ్య లోయలు ఉంటాయి. పక్కపక్కనున్న రెండు గట్ల మధ్య దూరం సుమారు అర మిల్లీమీటరు. 1858లో బెంగాలులోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఆంగ్లేయ అధికారి ఒప్పంద పత్రంపై సంతకానికి తోడుగా చేతిముద్ర వేయించాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. మన పల్లెలలో ఒకప్పుడు 'వేలిముద్రగాడు' అంటే చదువు రానివాడని అర్థం. ఇప్పుడు చదువుకున్నవారికి కూడా బ్యాంకులో, చౌకధరల దుకాణంలో, ఫోనులో వేలిముద్రే గుర్తింపుగా మారింది.

పనిచేసే విధానం

కొండకు ఎదురుగా నిలబడి కేక వేస్తే కొంతసేపటికి ప్రతిధ్వని వినబడుతుంది. కొండ ఎంత దూరంలో ఉంటే ప్రతిధ్వని అంత ఆలస్యంగా వస్తుంది. ఈ సెన్సర్‌లోనూ ఇదే సూత్రం ఇమిడి ఉంది.

మనిషి చెవి సెకనుకు 20,000 కంపనాల వరకు మాత్రమే వినగలదు. ఈ సెన్సర్లు సాధారణంగా 10 నుంచి 20 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం గల ధ్వనిని వాడతాయి. అంటే సెకనుకు కోటి నుంచి రెండు కోట్ల కంపనాలు. విద్యుత్తు ఇచ్చినప్పుడు కంపించే పలుచని పీజో విద్యుత్ పొర ఈ ధ్వనిని పుట్టిస్తుంది. తిరిగి వచ్చిన ధ్వని ఒత్తిడిని మళ్ళీ విద్యుత్ సంకేతంగా మార్చేది కూడా పీజో విద్యుత్ పదార్థమే.

ధ్వని గాజులో ప్రయాణించి పైభాగాన్ని చేరినప్పుడు అక్కడ చర్మపు గట్టు తాకి ఉంటే కొంత శక్తి వేలిలోకి పోతుంది, సుమారు 60 శాతం మాత్రమే వెనక్కి వస్తుంది. లోయ ఉన్నచోట గాజుకు ఆవల గాలి ఉంటుంది కనుక దాదాపు మొత్తం శక్తి వెనక్కి వస్తుంది. ఈ తేడానే వేలిముద్ర చిత్రంగా మారుతుంది. కాంతి వెళ్ళలేని లోహపు పలకల గుండా కూడా ధ్వని వెళ్ళగలదు. కొద్దిపాటి తడి, నూనె దీనికి పెద్ద ఆటంకం కావు.

రెండు వైపుల నుంచి చదవడంలో సమస్యలు

పీజో విద్యుత్ పొర కంపించినప్పుడు ధ్వని సహజంగానే రెండు వైపులకూ వెళుతుంది. ఒక వైపు నుంచి చదివే సెన్సర్లలో వెనుకకు పోయే ధ్వనిని వృథా కాకుండా ముందుకు మళ్ళించడానికో, అణచివేయడానికో వెనుక ప్రత్యేకమైన పొర వేస్తారు. రెండు వైపుల సెన్సర్‌లో ఆ ధ్వనిని కూడా ఉపయోగించుకోవాలి. ఇందులో ఎదురయ్యే ముఖ్యమైన సమస్యలు ఇవి.

1. ప్రతిధ్వనులను వేరుచేయడం: ముందు వైపు 1.2 మి.మీ., వెనుక వైపు 0.5 మి.మీ. మందం గల గాజు ఉన్నాయని ఉదాహరణకు అనుకుందాం. గాజులో ధ్వని వేగం సెకనుకు సుమారు 5,600 మీటర్లు. కాబట్టి వెనుక నుంచి ప్రతిధ్వని సుమారు 0.18 మైక్రోసెకన్లకు, ముందు నుంచి 0.43 మైక్రోసెకన్లకు వస్తాయి. రెండు మందాలు సమానమైతే రెండూ ఒకేసారి వచ్చి కలిసిపోతాయి. మందాలు వేరైనా చిక్కు పూర్తిగా తీరదు. వెనుక వైపు ప్రతిధ్వని గాజులో రెండోసారి తిరిగి 0.36 మైక్రోసెకన్లకు మళ్ళీ వస్తుంది. 12 మెగాహెర్ట్జ్ వద్ద ఒక్క కంపనానికే 0.08 మైక్రోసెకన్లు పడుతుంది. అందువలన 0.36కూ 0.43కూ మధ్య వ్యవధి చాలదు. వేలు లేనప్పటి చిత్రాన్ని ముందుగా దాచుకొని, దానిని తీసివేసి చూడడం అవసరమవుతుంది.

2. ఏ వైపు వేలు ఉందో తెలుసుకోవడం: ఫోను పట్టుకున్నప్పుడు బొటనవేలు ముందు, మిగిలిన వేళ్ళు వెనుక ఉంటాయి. అందుచేత స్పర్శను గుర్తించే వేరొక పొర రెండు వైపులా ఉండాలి. రెండు వేళ్ళనూ ఒకేసారి చదవగలిగితే భద్రత పెరుగుతుంది.

3. ప్రతిబింబం: ఒకే సెన్సర్ వరుస రెండు వైపులనూ చూస్తుంది కనుక ఒక వైపు ముద్ర అద్దంలో బొమ్మ వలె ఎడమ కుడులు తారుమారై వస్తుంది. దానిని సరిచేసి నమూనాతో పోల్చాలి.

4. స్పష్టత: 12 మెగాహెర్ట్జ్ వద్ద గాజులో తరంగదైర్ఘ్యం సుమారు 0.47 మి.మీ. ఇది గట్ల మధ్య దూరానికి దగ్గరగా ఉంది. కాబట్టి గాజు మందం పెరిగేకొద్దీ చిత్రం మసకబారుతుంది.

5. గాలి పొరలు: దారిలో ఎక్కడ సన్నని గాలి పొర ఉన్నా ధ్వని అక్కడే వెనుదిరుగుతుంది. అందుచేత జిగురులో బుడగలు ఉండరాదు, సెన్సర్ వెనుక బ్యాటరీ అడ్డు రాకూడదు.

చరిత్ర

పీజో విద్యుత్ ఫలితాన్ని 1880లో ఫ్రాన్సుకు చెందిన జాక్ క్యూరీ, పియరీ క్యూరీ సోదరులు కనుగొన్నారు. 1969లో జపానుకు చెందిన కవాయ్, పాలీవినైలిడీన్ ఫ్లోరైడ్ అనే ప్లాస్టిక్‌లో ఈ గుణం బలంగా ఉన్నదని చూపాడు. 2013లో అమెరికాలోని క్వాల్‌కామ్ సంస్థ, అతిధ్వని వేలిముద్ర యంత్రాలు తయారుచేసే అల్ట్రా-స్కాన్ సంస్థను కొనుగోలు చేసి, 2015లో ఫోన్ల కోసం సెన్స్ ఐడీ అనే సెన్సర్‌ను ప్రకటించింది. 2016లో షియోమీ ఎంఐ 5ఎస్, 2019లో శాంసంగ్ గెలాక్సీ ఎస్10 ఫోన్లు ఈ రకం సెన్సర్లతో వచ్చాయి. 2021లో వచ్చిన రెండవ తరం సెన్సర్ 8 మి.మీ. పొడవు, 8 మి.మీ. వెడల్పు కలది. ఈ ఫోన్లన్నీ ముందు వైపు నుంచే ముద్రను చదువుతాయి.

2019 అక్టోబరులో ఎస్10 ఫోనుపై కొన్ని రకాల సిలికాన్ తొడుగులు వేస్తే నమోదు కాని వేలితో కూడా ఫోను తెరుచుకుంటున్నదని బయటపడింది. తొడుగుపై ఉన్న గీతలను సెన్సర్ వేలిముద్రగా పొరబడింది. శాంసంగ్ సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేసింది. ఒక వైపు సెన్సర్‌లోనే ఇట్టి పొరపాటు జరిగినప్పుడు, రెండు వైపులా తొడుగులుండే ఫోనులో మరింత జాగ్రత్త అవసరమని ఈ సంఘటన తెలుపుతుంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ప్రాముఖ్యం

అప్పటి చిత్తూరు జిల్లాలోని శ్రీసిటీలో 2015లో ఫాక్స్‌కాన్ కర్మాగారంలో షియోమీ ఫోన్ల కూర్పు మొదలైంది. 2022లో జిల్లాల పునర్విభజన తరువాత శ్రీసిటీ తిరుపతి జిల్లాలో ఉంది. ఫోన్లను కూర్చే ఈ ప్రాంతంలోని విద్యార్థులకు వాటిలోని సెన్సర్ల రూపకల్పన తెలుసుకోదగిన విషయం.

అయితే వేలిముద్ర సరిగా పడకపోవడం వలన ఎక్కువగా నష్టపోయేది ఫోను యజమానులు కారు. ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి చౌకధరల దుకాణాలలో ఈ-పాస్ యంత్రంపై వేలిముద్ర వేసి సరుకులు తీసుకునే పద్ధతి వచ్చింది. గ్రానైటు రాయి కోసేవారు, తాపీ మేస్త్రీలు, కూలి పనులు చేసే వృద్ధుల చేతులలో గట్లు అరిగిపోతాయి. ఇలాంటి యంత్రాలలో ఎక్కువ భాగం కాంతి ఆధారితమైనవి కావడం వలన వీరి ముద్రలు పలుమార్లు తిరస్కరించబడతాయి. అలాంటప్పుడు కనుపాప పరీక్ష, ఫోనుకు వచ్చే సంకేత సంఖ్య వంటి ప్రత్యామ్నాయాలు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వం 2017 డిసెంబరు 19న సూచించింది.

పైచర్మం కింద ఉన్న లోపలి చర్మంలో కూడా అదే వేలిముద్ర ఉంటుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన బర్క్‌లీ, డేవిస్ పరిశోధకులు అతిధ్వనితో ఈ లోపలి ముద్రను చిత్రించవచ్చని చూపారు. పైగట్లు అరిగిన శ్రామికులకు ఇది ఆశ కలిగించే విషయం. ప్రతిధ్వనులను కాలాన్ని బట్టి వేరుచేయడం రెండు వైపుల సెన్సర్‌కు ఎంత అవసరమో, లోపలి ముద్రను చదవడానికీ అంతే అవసరం.

ఇవి కూడా చూడండి

వేలిముద్ర
అతిధ్వనులు
పీజో విద్యుత్ ఫలితం
ఆధార్
శ్రీసిటీ