పట్నం పోవుడంటే గట్లుండె

జరంత ఇవతలికి జరుగున్రి, పొగ అటు దిక్కే కొడుతున్నది. ఆ మొద్దును జర లోపలికి తొయ్యి కొడుకా. ఆఁ, ఇప్పుడు సెగ తగులుతది.

ఇగ సదువు, ఫోనుల ఏం రాసుకున్నవో. శనాదివారాలు పిల్లలను తీస్కొని హైదరాబాదు పోతరు, మంచిదే. చార్మినారు, సాలార్‌జంగు మ్యూజియం, చౌమహల్లా, జూ, గోల్కొండ, పొద్దుమీకి ట్యాంక్‌బండు, రాత్రికి మాలు. ఇదంతా మొదటి రోజే? అరే, మీరు పిల్లగాండ్లకు పట్నం చూపియ్యనీకి పోతున్నరా, పోస్టు పంచనీకి పోతున్నరా?

మీ నాయినను, మీ మేనత్తను తీస్కొని నేనూ మీ తాతా పాతబస్తీకి పోయిన ముచ్చట చెప్త, ఇనున్రి.

1974ల జూల సింహాల సఫారీ పెట్టిన్రు. బండ్ల కూసోబెట్టి సింహాల నడుమకెల్లి తిప్పుతరని బడిల సారు చెప్పిండట. ఇగ మీ నాయిన మొండికి పడ్డడు. అన్నం పెడితే సింహం, స్నానం చెయ్యమంటే సింహం. ఆ తర్వాత వచ్చిన ఎండకాలం సెలవులల్ల బయలెల్లినం. అప్పుడు హోటలు గదులు ఎవలకెరుక? చుట్టం ఉంటేనే పట్నం, లేకుంటే లేదు. మా మేనమామది హరిబౌలి. ఉత్త చేతులతోటి పోతమా మరి? ఒక సంచిల పల్లికాయ, ఒక డబ్బల నెయ్యి, గంపెడు మామిడికాయలు. సామాన్లు మోసుడు మీ తాత పని, పిల్లలను మోసుడు నా పని.

జడ్చర్లల ప్యాసింజరు ఎక్కినం. అప్పుడు అది మీటరుగేజి లైను, బొగ్గు ఇంజిను. కిటికీల తలకాయ పెట్టి మీ మేనత్త కండ్లల్ల నలుసులు పడి షాద్‌నగర్ దాకా ఏడ్సింది. తిమ్మాపూరు, ఉమ్దానగరు, బుద్వేలు దాటంగనే మీ తాత సంచులు దించుడు షురూ చేసిండు. అందరు కాచిగూడ దాకా పోయేటోళ్లు, మేమేమో ఫలక్‌నుమాల దిగుతం, మామ ఇంటికి అది దగ్గర. గుట్ట మీద తెల్లటి ప్యాలెసు చూసి మీ నాయిన "అదేనా జూ?" అన్నడు. వికారుల్ ఉమ్రా 1884ల మొదలువెట్టి కట్టిచ్చుకున్న మహలు అది, ఆరో నిజాముకు నచ్చిందని ఆయనకే ఇడిశిపెట్టిండు. మేము పోయినప్పుడు తాళమేసి ఉండె. ఇప్పుడు అదే పెద్ద హోటలు.

రిక్షా బేరం మీ తాతే చేసిండు. నిజాము కాలంల ఉర్దూల సదువుకున్న మనిషి, మాట్లాడితే రిక్షాయన గూడ "హుజూర్" అన్నడు. కని పైసా తగ్గియ్యలే.

మామ ఇంట్ల పొద్దుగాల్నే, ఇంకా తెల్లగ తెల్లారక ముందే, గోడవతల టక్ టక్ అని ఒక్కటే సప్పుడు. మీ మేనత్త లేచి కూసున్నది. "అమ్మా, ఎవలో తలుపు కొడుతున్నరే" అన్నది. మా అత్తమ్మ నవ్వింది. "తలుపు కాదు బిడ్డా, వరఖు కొడుతున్నరు. పొద్దుమీకే దాకా ఆగది" అన్నది.

ఆ పక్కింటాయన వరఖు కొట్టేటోడు. ముసలాయన. గడ్డం తెల్లగైంది గని భుజాలు సడలలే. పిల్లలిద్దరు పోయి గడప కాడ నిలవడితే లోపలికి రమ్మన్నడు, ఎన్కనే నేనూ పోయిన. ఆయన ముందట ఒక పుస్తకం ఉండె. పేజీలు కాయితాలు కావు, పల్చటి తోలు. ఒక్కొక్క పేజీ నడుమ గోరంత వెండి తునక పెట్టిండు. పుస్తకాన్ని మందపు తోలు తొడుగుల దోపి, బండ మీద పెట్టి, బరువైన సుత్తెతోటి కొట్టుడు. కొట్టుడంటే ఊకె బాదుడు కాదు. నాలుగు దెబ్బలు వేసి జర తిప్పుతడు, మళ్ల నాలుగేసి తిప్పుతడు. ఒక్కదిక్కే దెబ్బ పడితే వెండి చినిగిపోతదట. గంటలకు గంటలు అట్లనే.

ఆఖరుకు విప్పిండు. గోరంత వెండి అరచెయ్యంత అయింది, అవతలి దీపం వెలుగు దాంట్లకెల్లి కనవడుతున్నది. "సాఁస్ రోకో బేటే" అన్నడు, ఊపిరి తగిలినా ఎగిరిపోతదని. మీ నాయిన రెండు చేతులతోటి ముక్కూ నోరూ మూసుకున్నడు. గప్పుడే మీ మేనత్త తుమ్మింది. ఇగ చూడు! ఆ వరఖు లేచి పోయి మీ నాయిన జుట్టుకు అంటుకున్నది. నాకైతే పానం పోయినంత పనైంది, ఎంత ఖరీదో ఏమో అని. ముసలాయన పడి పడి నవ్విండు. "దుల్హా బన్ గయా" అన్నడు. ఆ పెండ్లికొడుకు మాపటి దాకా తలకు నీళ్లు పోసుకోనియ్యలే.

ఈ వెండి ఏడికి పోతది అని అడిగిండు మీ నాయిన. బర్ఫీ మీదికి, పాను మీదికి, యూనాని మందులల్లకు అని చెప్పిండు ఆయన. చార్మినారు పక్కకు యూనాని దవాఖాన ఉన్నది గదా, అసొంటి వైద్యంల వరఖు వాడుతరు. ఆ సాయంత్రం మిఠాయి దుకాణం ముందర నిలవడి బర్ఫీ మీది మెరుపు చూసి "ఇది మన తాతదే, ఇది మన తాతదే" అని ఒకటే లొల్లి. దుకాణాయన అర్థం కాక మీ తాత దిక్కు చూసిండు. ఇప్పుడు మిషన్ల మీద చేస్తున్నరు వరఖు, సుత్తె పట్టేటోళ్లు తగ్గిపోయిన్రు.

చార్మినారు సంగతి మీకు నేను చెప్పేదేమున్నది. 1591ల కులీ కుతుబ్‌షా కట్టిచ్చిండు, గత్తర పోయినందుకు కట్టిన్రని పెద్దలు చెప్పుకుంటరు. గడియారాలు మాత్రం అప్పటియి కావు, 1889ల పెట్టినయి. పై అంతస్తు దాకా 149 మెట్లు, గుండ్రంగ, సన్నగ, చీకటి. మీ మేనత్త సగంల కూలవడితే మీ తాత ఎత్తుకున్నడు. పైకెళ్లి చూస్తే నాలుగు దిక్కుల నాలుగు తొవ్వలు, చార్‌కమాన్ల నడుమ గుల్జార్‌హౌజు కనవడ్డది, పిల్లలు ఒక్క చూపు చూసి దిగుదాం అన్నరు. అంతే. మనం పెద్దోళ్లం గోడల మీది చెక్కడం చూసి అబ్బా అంటం, వాళ్లకు ఏమున్నది అండ్ల?

లాడ్‌బజారుల మాత్రం కాలు కదపలే. గాజుల దుకాణాలు మీరూ చూసిన్రు, బయటి అద్దాలు, లైట్లు. దుకాణం ఎన్కకు పోయి చూడాలె. ఒకాయన నిప్పుల కుంపటి ముందర కూసున్నడు. లక్కను ఆ సెగకు మెత్తగ చేసి, బల్ల మీద పొడుగ్గ తాల్చి, దాని మీద రంగు లక్క రుద్దిండు. చల్లారేలోపల్నే వంచి రెండు కొసలు కలిపిండు. అప్పుడు ఒక గుండ్రటి కట్టెకు తొడిగి సైజు చేసిండు. ఇంకొక ఆడమనిషి పక్కకు కూసొని, లక్క మెత్తగ ఉండంగనే చిన్న చిన్న అద్దపు రాళ్లు ఒక్కొక్కటి తీసి అతికిస్తున్నది. కండ్లు ఎత్తి చూడలే మా దిక్కు. చూసేటంత సందు లేదు, లక్క గట్టిపడితే రాయి నిలవడది.

మీ మేనత్త చెయ్యి మరీ సన్నం, ఏ గాజూ ఆగుతలేదు. ఆయన ఒక గాజును మళ్ల సెగకు పెట్టి, జర కోసి, కొస కలిపి, నీళ్లల్ల ముంచి, ఆమె చేతికి ఎక్కిచ్చిండు. ఇంకా జరంత ఎచ్చగనే ఉండెనట. ఆ గాజు ఆమె పెండ్లి దాకా పెట్టెల దాసుకున్నది. హైదరాబాదు లక్కగాజులకు 2024ల భౌగోళిక గుర్తింపు ఇచ్చిన్రు. సర్కారు ముద్ర ఇప్పుడు పడ్డది గని, ఆ పని చేసేటోళ్లకు అప్పుడూ ఇప్పుడూ మిగిలేది అంతంతే.

మక్కా మసీదు ముందర పావురాలకు జొన్నలేసినం. మీ నాయిన సంచి మొత్తం గుమ్మరిచ్చిండు. తెల్లారి పొద్దుగాల పురానీ హవేలీ కాడ నాను రొట్టె, 1851ల మొదలైన మున్షీ నాన్ దుకాణం. గుండ్రంగ కాదు, నాలుగు మూలలు ఉంటయి దానికి. భట్టీల గోడకు చరిచి, కాలంగనే ఇనుప చువ్వతోటి లాగుతరు. చాయిల ముంచుకొని తిన్నం. రొట్టె తినుట్ల కంటే లాగేటాయనను చూసుట్లనే ఎక్కువ సేపైంది.

మ్యూజియం ముచ్చట. మా మామ దాన్ని ముందుగాల దివాన్ దేవిడీల చూసిండట, 1951 డిసెంబరుల నెహ్రూ వచ్చి తెరిచినప్పుడు. 1968ల మూసీ ఒడ్డుకు, ఇప్పుడున్న కాడికి తెచ్చిన్రు. పెండ్లి చేసుకోని మనిషి మూడో సాలార్‌జంగు, ఉన్నదంతా వస్తువుల మీదనే పెట్టిండు. అన్నీ చూస్తనంటే మనతోటి కాదు. నా మాటిని మూడు చూడున్రి. ఒకటి, ముసుగు రెబెక్కా. ఇటలీ శిల్పి బెంజోనీ 1876ల చెక్కిండు. రాయే గని, మీద పల్చటి బట్ట కప్పినట్టే ఉంటది. మీ మేనత్త ఆ ముసుగు తీద్దామని చెయ్యి చాపింది. రెండోది, నూర్జహాను పండ్లు కోసుకున్న కత్తి. మూడోది గడియారం.

గడియారం కాడికి ముందే పోవాలె. కుక్ అండ్ కెల్వీ వాళ్లది. గంట కొట్టనీకి మూడు నిమిషాల ముందు చిన్న తలుపు తెరుచుకొని ఒక బొమ్మ మనిషి బయటికొస్తడు, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతడు. జనమంతా అతని కోసమే చూస్తరు. కని ఇంకొకడున్నడు, గడ్డపు కమ్మరి, సెకనుకొక్క దెబ్బ కొడుతనే ఉంటడు. మీ నాయిన ఆయననే చూసుకుంట కూసున్నడు. "అమ్మా, ఈయన గూడ వరఖే కొడుతున్నడా?" అన్నడు. పన్నెండింటికి జనమంతా లేచి పోయిన్రు, మీ నాయిన లేవలే.

అక్కడికెళ్లి నయాపూలు దాటి అఫ్జల్‌గంజుకు నడిచినం. వంతెన మీద మామ 1908 వరద చెప్పిండు. సెప్టెంబరు 28నాడు మూసీ వచ్చి పట్నాన్ని ఊడ్సుకపోయింది. ఉస్మానియా దవాఖాన లోపల చింతచెట్టు ఉన్నది, దాన్ని ఎక్కి 150 మంది బతికిన్రు. ఆ చెట్టు చూస్తనని మీ నాయిన, జూకు పోదామని మీ మేనత్త. చూసినం, మొక్కినం, 7జెడ్ డబుల్‌డెక్కర్ ఎక్కినం. పైన, ముందటి సీటు. డ్రైవరు కనవడడు గనక బస్సు తనే నడుపుతున్ననని మీ నాయిన హారను నోటితోటి కొట్టిండు. 2000 దాటినంక ఆ బస్సులు తీసేసిన్రు, మళ్ల 2023ల కరెంటుయి తెచ్చిన్రు.

ఇగ సింహం. ఎండకు చెట్టు కింద పండుకొని తోక గూడ కదపలే. ఊళ్లెకెల్లి గంత దూరం వచ్చింది దీని కోసమేనా అని మీ తాత పండ్లు కొరికిండు. పిల్లలకు మాత్రం తాబేలు దొరికింది. గలపాగోసు తాబేలు, బాగేఆం తోటలకెల్లి 1963ల, జూ తెరిచిన ఏడాదే, ఆడికి తెచ్చిన్రు. చాణక్య అని పేరు. ఆకు నోట్లె పెట్టుకొని నమిలి మింగెదాకా వీళ్లు కండ్లార్పలే. 2024 మార్చిల పోయింది, 125 ఏండ్లని రాసిన్రు పేపర్ల. మామ చెప్పిన వరద వచ్చేనాటికే అది పుట్టి ఉన్నది, చూడు.

ఇగ మీ సంగతికి వస్త. శుక్రవారం మ్యూజియం బందు, సోమవారం జూ బందు, అది మతిల పెట్టుకోన్రి. శనివారం పొద్దుగాల మ్యూజియం, పదకొండు కాకముందే గడియారం కాడ జాగ పట్టున్రి. ఆదివారం ఎండెక్కక ముందే జూ, ఆ పక్కనే మీరాలం చెరువు కట్ట, 21 కమాన్లు వరుసగ ఉంటయి. మిగిలిన పొద్దంతా గల్లీలకు ఇడిశిపెట్టున్రి. పిల్లలకు చూపియ్యాల్సింది చేతులు, ఎవలు ఏం చేస్తున్నరో అది.

ఇంకొకటి. ఎంజీబీఎస్‌కెల్లి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో వేస్తమని 2025 జనవరిల పాతబస్తీ రోడ్డు మీద కూలగొట్టుడు మొదలువెట్టిన్రు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, హరిబౌలి, శాలిబండ, అంతా ఆ తొవ్వే. రైలొస్తే మంచిదే, నేనూ ఎక్కుత. కని చేతిపని శానా మట్టుకు రోడ్డు పక్క అర్రలల్లనే నడుస్తది, ఆ అర్ర పోతే పని గూడ పోతది. చార్మినారు ఏడికీ పోదు. ఆ అర్రలల్ల సుత్తె, కుంపటి పట్టుకొని కూసున్నోళ్లు వచ్చే ఏడు ఉంటరో ఉండరో, ముందుగాల వాళ్ల దగ్గరికి తీస్కపోన్రి పిల్లలను.