బాహుదానది – జీర్ణోద్ధరణ ధర్మము



మదనపల్లె సీమలో పారు బాహుదానది మీకు పరిచితమే. అది దిగువన పింఛానదితో కలిసి, చెయ్యేరను పేర పెన్నను చేరుచున్నది. మహాభారతము శాంతిపర్వమున లిఖితమహర్షి కథ కలదు. అన్నయగు శంఖుని ఆశ్రమమున అడుగక ఫలములు భుజించిన దోషమునకై లిఖితుడు తానే రాజును దండన వేడి చేతులు కోల్పోయెను. బాహుదలో మునుగగా అవి మరల వచ్చెను. ఆ బాహుద ఇదియేననియు, చేతులనొసగిన ఏరు గనుకనే చెయ్యేరైనదనియు పెద్దల విశ్వాసము.

ఆ చెయ్యేటిపై, అన్నమాచార్యులు జన్మించిన తాళ్లపాక గల రాజంపేట సీమలో, ఆయన పేరనే అన్నమయ్య జలాశయము నిర్మింపబడినది. 2021 నవంబరు 19, కార్తిక పూర్ణిమనాటి తెల్లవారుజామున దాని మట్టికట్ట తెగినది. ఎగువ పింఛా జలాశయపు కట్ట తెగిన నీరును దానికి తోడైనది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు మొదలగు గ్రామములు వరదపాలై, ముప్పదిమందికి పైగా మరణించిరి. దీపములు వెలిగింపవలసిన పర్వదినమున కొన్ని ఇండ్లలో దీపము పెట్టు దిక్కే లేకపోయినది.

తట్టుకొనదగినదానికంటె అధికముగా వరద వచ్చెనని రాష్ట్ర ప్రభుత్వము చెప్పినది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్రమంత్రి రాజ్యసభలో తెలిపిరి. వర్షము మన చేతిలోనిది కాదు. గేటు మాత్రము మన చేతిలోనిదే.

ఈ విషయము మన పూర్వులకు తెలియనిది కాదు. ఆ కడప సీమలోనే పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో కట్టించెను. అచటి శాసనము మంచి చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను పేర్కొన్నది. కట్టనుండి నీరు ఊరుట ఒక దోషము. స్థలము కొంచెమై నీరు అధికమగుట మరియొకటి. కట్టించుటతో పని ముగిసినదని వారు తలపలేదు. చెరువుల మరమ్మతుకై దశబంధ మాన్యములిచ్చిరి. నూతన నిర్మాణముకంటె జీర్ణోద్ధరణమే అధిక పుణ్యప్రదమని ధర్మజ్ఞుల మాట.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములవారు చెరువులను నమ్మి జీవించినవారు. పర్వదినమున ఆలయమునకు వచ్చునప్పుడు ఊరి చెరువుకట్టపై ఒకసారి నడచి చూడుడు. తూము చెడినదా? మరువకు అడ్డు పడినదా? కట్ట చెమర్చుచున్నదా? చూచినదానిని అధికారులకు తెలిపి, పని జరుగువరకు విడువకుడు. లిఖితుడు తన దోషమును తానే చెప్పుకొనెను గనుకనే చేతులు తిరిగి పొందెను. మనమును దోషమును దాచక, కాలము మించకముందే సరిదిద్దుకొందము. అదియు ఈశ్వరసేవయే.

స్వస్తి.