కబేళాలో పశువైద్య తనిఖీ: పెద్దకూర తినేవాళ్లు తెలుసుకోవాల్సింది

చచ్చిన గొడ్డు మాంసం తినడం మానేయాలని 1927లో మహద్‌లో అంబేద్కర్ పిలుపునిచ్చారు. కులం మన నోటికి అంటగట్టిన తిండి అది. ఏ తనిఖీ లేని మాంసాన్ని నేటికీ మన వాడలకే అమ్మడం ఆ అవమానానికి కొనసాగింపేనని మేము భావిస్తున్నాం. తినే హక్కులో రోగం లేని కూర తినే హక్కు కూడా ఉంది.

కోతకు ముందు: 2001 నాటి కేంద్ర కబేళా నిబంధనల ప్రకారం పశువైద్యుడి ధ్రువపత్రం లేని పశువునూ, చూడి పశువునూ, మూడు నెలలు నిండని దూడనూ కోయకూడదు. ఒక డాక్టర్ గంటకు 12, రోజుకు 96 పశువులకు మించి పరీక్షించకూడదు. దొమ్మరోగం అనుమానం వస్తే ఆ పశువును కోయనే కూడదు. కళేబరాన్ని తెరిస్తే గాలి తగిలి ఆ క్రిములు గట్టి బీజాలుగా మారి, నేలలో దశాబ్దాల పాటు బతుకుతాయి.

కోత తర్వాత: తల, ఊపిరితిత్తులు, గుండె, కార్జం చూస్తారు. బద్దెపురుగు తిత్తుల కోసం దవడ కండనూ, క్షయ కోసం లింఫు గ్రంథులనూ కోసి చూస్తారు. కార్జంలో జలగలుంటే కార్జం వరకే పారేస్తారు. క్షయ ఒళ్లంతా పాకితే కళేబరం మొత్తాన్ని తిరస్కరిస్తారు. తిరస్కరించిన మాంసం మళ్లీ అమ్మకానికి రాకుండా రంగో ఫినాయిలో పోసి నాశనం చేయాలి. నీటితిత్తులున్న ఊపిరితిత్తులు కుక్కల నోట పడితే, ఆ రోగం వాటి ద్వారా పశువులకూ మనుషులకూ చేరుతుంది.

ఇక్కడ ఒక గందరగోళం ఉంది. ఆంధ్రప్రదేశ్ 1977 చట్టం ఆవు వధను నిషేధించింది. ఎద్దుకు, గేదెకు ఇచ్చే పత్రం అది సేద్యానికో పాడికో ఈతకో ఇక అక్కరకు రాదని మాత్రమే చెబుతుంది. ఆరోగ్యం గురించి చెప్పదు. పైగా ముసలి పశువులే కబేళాకు చేరుతాయి కాబట్టి క్షయ లాంటి దీర్ఘరోగాల తనిఖీ మరింత అవసరం.

కోసే కార్మికులకూ ముప్పుంది. రోగపు పశువు రక్తం, గర్భసంచి తాకితే బ్రూసెల్లోసిస్ సోకవచ్చు. చేతి తొడుగులు, బూట్లు ఇవ్వడం యాజమాన్యం బాధ్యత.

మీ మున్సిపాలిటీని సమాచార హక్కు కింద నాలుగు ప్రశ్నలు అడగండి: డాక్టర్లు ఎందరు? రోజుకు ఎన్ని పశువులు కోస్తున్నారు? ఏడాదిలో ఎన్ని కళేబరాలు, అవయవాలు తిరస్కరించారు? వాటిని ఏం చేశారు? వందల పశువులు కోసిన చోట తిరస్కరణ లెక్క సున్నా ఉంటే, తనిఖీ కాగితం మీదే జరుగుతోందేమో అని నిలదీయండి.