ఇంటిపేరు, ఆటపేరు

తెలుగువాళ్ళ పేరులో ముందు ఇల్లు వస్తుంది, ఆ తర్వాతే మనిషి. ఆడవాళ్ళకయితే ఆ ఇల్లు కూడా పెళ్ళితో మారిపోతుంది. దీనిమీద మనం చాలానే రాసుకున్నాం. ఆడి పాడి బతికిన స్త్రీల పేర్ల ముందు ఏముందన్న సంగతి మాత్రం అంతగా మాట్లాడుకోలేదు. 1932 నాటి తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో నటించిన సురభి కమలాబాయి పేరు ముందున్నది నాటక సమాజం. బెంగుళూరు నాగరత్నమ్మ పేరు ముందున్నది ఊరు. షావుకారు జానకి పేరు ముందున్నది 1950లో వచ్చిన సినిమా. సిల్క్ స్మిత పేరు ముందున్నది ఆమె వేసిన ఒక పాత్ర, అది ఒక గుడ్డ పేరు కూడా. వేదికెక్కిన ఆడదాని వెంట ఇల్లు రాలేదు. కొన్నిసార్లు ఆమె తీసుకురాలేదు, ఎక్కువసార్లు అదే రానంది.

నన్ను ఈ ఆలోచనలోకి నెట్టింది కొండాపూర్‌లో మా అపార్టుమెంటులో ఉండే ఒక అమ్మాయి. గుంటూరు వైపు నుంచి వచ్చింది, సైబర్ టవర్స్ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. రెండేళ్ళుగా మాదాపూర్‌లో బెల్లీ డాన్స్ నేర్చుకుంటోంది. మొదటి ప్రదర్శనకి స్టేజి పేరు ఎంచుకోమన్నారట. "ఆంటీ, మీరు తెలుగు చెప్తారు కదా, నాకో మంచి పేరు చూడండి. మా ఇంటిపేరు మాత్రం దానికి తగలకూడదు" అంది. నీ పేరుకేమైందే అన్నాను. "అది మా నానమ్మ పేరు. పోస్టరు మీద చూస్తే మా నాన్న తట్టుకోలేడు" అంది.

తగలకూడదు అన్న మాట మైలకు వాడే మాట. తన ఆటవల్ల ఇంటికి మైల అంటుతుందని ఆ అమ్మాయి నమ్మడం లేదు. అలా నమ్మేవాళ్ళ మధ్య బతకాలని మాత్రం ఆమెకు తెలుసు. ఈ తెలివి ఎక్కడినుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళితే చాలా దూరం పోవలసి వచ్చింది.

అసలు బెల్లీ డాన్స్ అన్నది కూడా ఆ నాట్యం తనకు తాను పెట్టుకున్న పేరు కాదు. అరబ్బీలో దాన్ని తూర్పు నాట్యం అనే అర్థంలో 'రక్స్ షర్కీ' అంటారు, ఊరి నాట్యం అనే అర్థంలో 'రక్స్ బలదీ' అంటారు. దాన్ని చూసిన ఫ్రెంచివాళ్ళకి పొట్ట ఒక్కటే కనపడింది, పొట్ట నాట్యం అన్నారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనతో ఆ పేరు అమెరికా అంతా పాకింది. అక్కడినుంచి పుట్టిన 'లిటిల్ ఈజిప్ట్' అన్న పేరును ఒకరికంటే ఎక్కువమంది నర్తకులు వాడుకున్నారు. చూసేవాడికి ఎవరైతేనేం?

సరిగ్గా ఆ 1893లోనే మద్రాసులో సంఘ సంస్కర్తలు వైస్రాయికీ గవర్నరుకీ వినతిపత్రం పెట్టారు, నాచ్ సభలకు వెళ్ళవద్దని. మన గోదావరి జిల్లాల్లో భోగం మేళాలకు వ్యతిరేకంగా కందుకూరి వీరేశలింగం అప్పటికే గట్టిగా ప్రచారం చేస్తున్నారు. ఇక్కడ గుడిలో ఆడే స్త్రీకి బతకడమే కష్టమవుతున్న ఆ కాలంలో, 1905లో పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఒక డచ్చి స్త్రీ హిందూ దేవాలయ నర్తకిని అని చెప్పుకుని ఆడి పేరు తెచ్చుకుంది. ఆమె అసలు పేరు మార్గరెతా జెల్లె. పెట్టుకున్న పేరు మాతా హరి, మలయ్ భాషలో సూర్యుడు అని అర్థం. మన దేవదాసి వదిలించుకోవలసి వచ్చిన గుర్తింపు ఆమెకు నగలా పనికొచ్చింది.

కైరో కథ వేరు. 1926లో అక్కడ నాట్యశాల తెరిచిన బదియా మసబ్నీ ఆడది, స్వయంగా నర్తకి. జైనబ్ అనే పేద పిల్లకు సామియా గమాల్ అని పేరు పెట్టింది ఆమే. అక్కడే ఆడిన తహియాకు, అప్పట్లో సినిమాతో ప్రచారంలోకి వచ్చిన కారియోకా అనే బ్రెజిల్ నాట్యం పేరు తగులుకుని తహియా కారియోకా అయింది. ఆమె 1950లలో రాజకీయాల వల్ల జైలుకు వెళ్ళింది. 1990లో ఎడ్వర్డ్ సయీద్ ఆమె గురించి వ్యాసం రాశారు. పేరు తెచ్చిపెట్టుకున్నదే అయినా దాని వెనక మనిషి నిలబడగలిగింది. పేరు పెట్టిన చేయి తోటి కళాకారిణిదైతే ఎంత తేడా ఉంటుందో అనిపిస్తుంది.

మనవైపు చూద్దాం. కాకతీయుల నాటి శాసనాల్లో గుడిసానులు కనిపిస్తారు. స్వామిని అన్న మాటే సాని అయింది. దొరసానిలో అది ఇప్పటికీ గౌరవం, మంత్రసానిలో వృత్తి, ఒంటరిగా వాడితే తిట్టు. ఒక్క మాటకు పట్టిన ఈ గతి చాలు, ఆ స్త్రీల చరిత్ర చెప్పడానికి.

హైటెక్ సిటీ నుంచి గోల్కొండ ఎంతో దూరం లేదు. ఇబ్రహీంబాగ్‌లో తారామతి బారాదరి ఉంది. తారామతి, ప్రేమామతి సమాధులు కుతుబ్‌షాహీ సమాధుల మధ్యనే ఉన్నాయి. నిజంగా ఉందో లేదో చరిత్రకారులు తేల్చుకోలేని భాగమతిని కూడా కలిపి చూడండి, అందరి పేర్లూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నాకవి తల్లి ఊయలలో పెట్టిన పేర్లలా కాక కొలువులో పెట్టిన పేర్లలా వినిపిస్తాయి. మహ్‌లఖా బాయి చందా (1768–1824) విషయంలో మాత్రం కొంత స్పష్టంగా తెలుసు. చంద్రముఖి అనే అర్థమున్న 'మహ్ లఖా' బిరుదు నిజాం అలీఖాన్ ఇచ్చింది. ఘజళ్ళ చివర ఆమె వేసుకున్న ముద్ర 'చందా', తన చిన్ననాటి పేరు. దర్బారులో రాజిచ్చిన పేరు, కవిత్వంలో సొంత పేరు. మౌలాలి గుట్ట కింద తల్లికి కట్టించిన సమాధి పక్కనే ఆమె కూడా ఉంది.

పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' పీఠికలో తన వంశాన్ని స్త్రీల వైపు నుంచి, తంజనాయకి వంటి వాళ్ళ పేర్లతో చెప్పుకుంది. మగవాళ్ళకు ఇంటిపేరు చేసే పని ఆమెకు ఆ స్త్రీల పేర్లు చేశాయి. తర్వాత పుస్తకం అచ్చువేసినవాళ్ళు ఆ పీఠికనే తీసేశారు. పోయినవాటిని వెతికి చేర్చి 1910లో పూర్తి పుస్తకం తెచ్చింది నాగరత్నమ్మ, తనూ ఆ వృత్తి కుటుంబంలోంచి వచ్చినదే. ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఆ నిషేధం ఎత్తేసింది. అదే ఏడాది చివర్లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చి గుడిలో ఆటను ఆపింది. పుస్తకం విడుదలైన ఏడే కాలికి సంకెల పడింది. ఆ చట్టం కొందరు ఆడపిల్లలను బలవంతపు అంకితాల నుంచి కాపాడిందన్న మాటనూ తోసిపుచ్చలేం. కానీ వాళ్ళ విద్యకు వేరే దారి చూపలేదు.

ఆ విద్య వేరేవాళ్ళ ఇళ్ళకు చేరింది. 1930లలో సదిర్ పేరు భరతనాట్యం అయింది. 1935లో అడయారులో రుక్మిణీదేవి అరండేల్ వేదికెక్కినప్పుడు భర్త ఇంటిపేరు ఆమెతోనే ఉంది. ఆటకు కొత్త పేరు వచ్చాక ఆడదానికి ఇంటిపేరు దాచుకునే అవసరం పోయింది. ఇవాళ అరంగేట్రం కార్డుల మీద తాతల పేర్లు, తండ్రి ఉద్యోగం కూడా అచ్చవుతాయి. శిల్పారామంలో ఆడే అమ్మాయి పేరు అమెరికాలో చుట్టాలదాకా వెళుతుంది. ఆ వీధిలోనే మరో వేదిక మీద ఆడే అమ్మాయికి మారుపేరు కావాలి. ఒళ్ళు రెండుచోట్లా కష్టపడుతుంది. ఒకదాన్ని కులం తనదిగా చేసుకుంది, రెండోదాన్ని చేసుకోలేదు.

కులమూ ఆస్తీ అండలేని స్త్రీకి పేరు ఎలా పెడతారో ఏలూరు దగ్గర కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి కథలో చూస్తాం. చదువు మధ్యలో ఆగింది, చిన్నతనంలోనే పెళ్ళయింది, తప్పించుకుని మద్రాసు చేరింది. 1980లో 'వండిచక్కరం' అనే తమిళ సినిమాలో సిల్క్ అనే పాత్ర వేసింది. ఆ పాత్ర ఆమెను ఇక వదల్లేదు. జానకికి షావుకారు ఒక సినిమా జ్ఞాపకం మాత్రమే, ఆమె తర్వాత తల్లి అయింది, బామ్మ అయింది. స్మితను సిల్క్ దాటి పోనివ్వలేదు. 1996 సెప్టెంబరులో ముప్పై అయిదేళ్ళకే ఆమె చనిపోతే పత్రికలు రాసింది సిల్క్ పోయిందని. విజయలక్ష్మి పోయిందని ఎవరు ఏడ్చారో?

ఇంకా కింద రికార్డింగ్ డాన్సులున్నాయి. జాతరల్లో లారీ మీద కట్టిన స్టేజీ ఎక్కే అమ్మాయికి సొంత మారుపేరు కూడా మిగలదు. ఏ తారలా తయారైతే ఆమెకు జూనియర్ అని మైకులో పిలుస్తారు.

మళ్ళీ సైబరాబాద్‌కి వస్తే, అదే ఒక స్టేజి పేరు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకునే నాటికి ఇవి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అనే ఊళ్ళు. 2000ల మొదట్లో ఇక్కడి కాల్ సెంటర్లలో రాత్రంతా కూర్చునే మన పిల్లలకు అమెరికా పేర్లు పెట్టారు. నా దగ్గర చదువుకున్న ఒక సుబ్బలక్ష్మి రాత్రిళ్ళు నాన్సీ అయ్యేది. వాళ్ళమ్మ దాన్ని నవ్వుతూ, కాస్త గర్వంగానే చెప్పేది. రాత్రి పని, దొంగ పేరు, తెలియని మగవాళ్ళతో మాటలు, అన్నీ ఉన్నా పరువు పోలేదు. గొంతు మాత్రమే అమ్ముడవుతుంది, ఒళ్ళు కనపడదు కదా.

మా అపార్టుమెంటు అమ్మాయి ముందు అనుకున్న పేర్లు జరా, యాస్మిన్. అరబ్బు ఆటకు అరబ్బు పేరు బాగుంటుందని. నాకు అభ్యంతరం ఉందని చెప్పాను. ఇదే కొండాపూర్‌లో నిజంగా యాస్మిన్ అనే పేరున్న నా సహోద్యోగి అద్దె ఇంటికోసం నెలల తరబడి తిరిగింది. పేరు చెప్పగానే "ఇప్పుడే ఇచ్చేశామమ్మా" అనేవాళ్ళు. ఆమెకు ఇల్లు దక్కనివ్వని పేరు మనకు శనివారం సాయంత్రం అత్తరులా పనికిరావడం, మాతా హరి చేసిన పనికి ఎంత దూరం? ఆ అమ్మాయి వాదించింది, "నా పేరు పెట్టుకోలేను, వాళ్ళ పేరు పెట్టుకోకూడదు, మరి నాకేం మిగిలింది?" అని. న్యాయమైన ప్రశ్న. దానికి ఒక పేరుతో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు.

మారుపేరు తప్పని నేననను. తలుపుకు గడియ ఉండటం ఎంత అవసరమో అదీ అంత అవసరం, ముఖ్యంగా ఫోనులో ఫొటో నిమిషంలో ఊరంతా తిరిగే ఈ కాలంలో. కానీ ఆ గడియ లోపలినుంచి ఉందా బయటినుంచి ఉందా అన్నది చూసుకోవాలి. కావలసినప్పుడు తీసి పక్కన పెట్టగలిగితేనే ఆ పేరు ఆమెది. విజయలక్ష్మికి ఆ వీలు దొరకలేదు.

పరిశోధకులకు ఒక మాట. రికార్డింగ్ డాన్సుల్లో ఆడిన స్త్రీలు వయసు మళ్ళి మన ఊళ్ళలోనే ఉన్నారు. వాళ్ళకు ఆట ఎవరు నేర్పారో, పేరు ఎవరు పెట్టారో, ఇంట్లో ఏమని పిలిచేవారో ఎవరైనా వెళ్ళి అడగాలి. ఏ పేరుతో రాయమంటారో కూడా వాళ్ళనే అడిగి రాయాలి. ముద్దుపళని పీఠికను వెతికి తెచ్చి అచ్చువేయడానికి ఒక నాగరత్నమ్మ కావలసి వచ్చింది. వీళ్ళ పీఠికలు ఇంకా ఎవరూ రాయనేలేదు.