తలుపు వెనక నిలబడ్డ స్త్రీ

సెయింట్ లూయిస్‌లో మా పెద్దమ్మ కూతురి ఇంట్లో ఉన్న మూడు వారాల్లో నేను కొన్న పుస్తకం ఒక్కటే. పాత పుస్తకాల షాపులో, ఇటుక సైజులో దొరికింది. జాన్ రాస్ రాసిన ‘అన్‌ఇంటెండెడ్ కాన్సిక్వెన్సెస్’, అంటే అనుకోని పర్యవసానాలు. 1996లో ఆ ఊళ్ళోనే అచ్చయిన నవల, 861 పేజీలు. తుపాకీ హక్కుల వాళ్ళు చేతులు మార్చుకుంటూ చదివే పుస్తకమని అంతకుముందే విని ఉన్నాను. దాని ముఖచిత్రం చూసి అక్క, “ఛీ, పిల్లలున్న ఇంట్లో ఇదేం పుస్తకమే” అని, ఆ సాయంత్రమే పాత కాలెండరు కాయితంతో అట్ట వేసేసింది.

ఆ బొమ్మలో ఉన్నది న్యాయదేవత. కళ్ళకి గంతలు, ఒంటి మీద చిరిగిన బట్టలు. నల్ల దుస్తులు, హెల్మెట్టు వేసుకున్న సాయుధుడైన ప్రభుత్వ ఉద్యోగి ఆమె మీద బలాత్కారం చేస్తున్నాడు. అతను మద్యం, పొగాకు, తుపాకుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్ మనిషి. మగవాడి తుపాకీని రాజ్యం లాక్కోవడం ఒక స్త్రీని చెరచడంతో సమానమని చెప్పడానికి గీయించిన బొమ్మ అది. కాలెండరు కాయితం కింద ఉన్నా ఆ బొమ్మ చదువుతున్నంతసేపూ నన్ను వదల్లేదు.

కథ క్లుప్తంగా ఇది. మిస్సోరీకి చెందిన హెన్రీ బోమన్ అసాధారణమైన గురికాడు. ఏటీఎఫ్ అధికారులు కొందరు అతన్నీ అతని స్నేహితుల్నీ తప్పుడు కేసులో ఇరికించాలని పథకం వేస్తారు. అతను తిరగబడి వాళ్ళని చంపుతాడు. తర్వాత దేశమంతా ఎవరికి వారుగా, నాయకుడు లేకుండా, అధికారుల్నీ చట్టసభల వాళ్ళనీ కాల్చి చంపడం మొదలుపెడతారు. చివరికి అధ్యక్షుడే దిగి వస్తాడు. థ్రిల్లర్‌గా చూస్తే ఇందులో కొత్తేం లేదు. కానీ రాస్ ఈ కథకి చాలా ముందునుంచి మొదలుపెట్టి, వందల పేజీల పొడుగునా చరిత్ర చెబుతాడు. మషీన్‌గన్నుల మీదా, పొట్టి గొట్టం తుపాకుల మీదా 200 డాలర్ల పన్ను వేసిన 1934 చట్టం, ఆ చట్టం మీద 1939లో సుప్రీంకోర్టు ఇచ్చిన మిల్లర్ తీర్పు, 1943 వార్సా ఘెట్టో తిరుగుబాటు, రూబీ రిడ్జ్, వేకో, అన్నీ ఉన్నాయి. నిజం మనుషులూ కల్పిత పాత్రలూ పక్కపక్కనే నడుస్తారు. మిల్లర్ కేసు సంగతి నవలలో చదివి నమ్మలేక విడిగా వెతికాను, నిజమే. సుప్రీంకోర్టులో మిల్లర్ తరఫున వాదించడానికి ఎవ్వరూ హాజరు కాలేదు. తీర్పు వచ్చేనాటికి మిల్లరే బతికి లేడు, ఎవరో కాల్చి చంపారు. ప్రతివాది తరఫున ఒక్క మాటా వినకుండా వచ్చిన ఆ తీర్పు దాదాపు డెబ్భై ఏళ్ళు, 2008లో హెల్లర్ తీర్పు వచ్చేదాకా, అమెరికా తుపాకీ చట్టాలకి ఆధారంగా నిలిచింది.

ఇలాంటి పుస్తకాన్ని ఛాందసం అని తోసెయ్యడం తేలిక. 1978లో వచ్చిన ‘టర్నర్ డైరీస్’ అనే జాత్యహంకార నవలతో దీన్ని ఒకే గాటన కట్టడం ఇంకా తేలిక. 1995 ఏప్రిల్ 19న ఓక్లహోమా సిటీలో బాంబు పెట్టి 168 మందిని, అందులో 19 మంది పసిపిల్లల్ని చంపిన వాడి కారులో ఆ డైరీల పేజీలు దొరికాయి. రాస్ నవల ఆ కోవలోది కాదు. యూదుల ఘెట్టో తిరుగుబాటునే అతను తన వాదానికి వెన్నెముకగా వాడుకున్నాడు. పౌరుడి గడపలోకి రాజ్యం ఎంతవరకూ రావచ్చు అన్న ప్రశ్న మనది కూడా. లాకప్ చావుల ఊళ్ళలో పెరిగిన మనకి అదేం పరాయి ప్రశ్న కాదు. నేను ఆగిపోయింది వేరే చోట. ఈ చరిత్రలో ఆడవాళ్ళు ఏ స్థానంలో నిలబడి ఉన్నారన్న దగ్గర.

వికీ వీవర్‌తో మొదలుపెడతాను. ఇడాహోలో రూబీ రిడ్జ్ అనే చోట కొండ మీద, కరెంటు లేని చెక్క ఇంట్లో, భర్తతోనూ నలుగురు పిల్లలతోనూ ఉండేది. శ్వేతజాతి వేరుగా బతకాలని నమ్మే కుటుంబం. ఆ నమ్మకాలు నాకు అసహ్యం, అది దాచను. ఏటీఎఫ్ ఇన్‌ఫార్మర్‌కి గొట్టం కోసిన రెండు తుపాకులు అమ్మాడని భర్త మీద కేసు. నువ్వు కూడా ఇన్‌ఫార్మర్‌గా మారితే వదిలేస్తామన్నారు, మారనన్నాడు. కోర్టుకి హాజరు కావలసిన తేదీ ఉత్తరంలో తప్పు పడింది. అతను ఎలాగూ వెళ్ళలేదు. 1992 ఆగస్టు 21న ఇంటి దగ్గర అడవిలో కాల్పులు జరిగి పద్నాలుగేళ్ళ కొడుకూ, ఒక మార్షలూ చనిపోయారు. మర్నాడు బయటినుంచి లోపలికి పరుగెత్తుతున్న మగవాళ్ళ కోసం వికీ తలుపు తెరిచి పట్టుకుంది. చంకలో పది నెలల పాప. ఎఫ్‌బీఐ గురికాడు పేల్చిన గుండు తలుపు దాటి ఆమె తలకి తగిలింది.

ఆ తర్వాత దాదాపు తొమ్మిది రోజులు ముట్టడి కొనసాగింది. ఆమె శవం ఇంట్లో ఉండగానే బయటి మైకులోంచి ఆమెని పేరుపెట్టి పిలిచారు. ఆమె చనిపోయిందని తమకి తెలియదని వాళ్ళన్నారు, తెలిసే పిలిచారని కుటుంబం అంది. 1993లో జ్యూరీ ఆమె భర్తని పెద్ద నేరాలన్నిటి నుంచీ విడుదల చేసింది. 1995లో ప్రభుత్వం తప్పు ఒప్పుకోకుండానే ఆ కుటుంబానికి 31 లక్షల డాలర్లు చెల్లించింది.

తుపాకీ హక్కుల సాహిత్యంలో వికీ వీవర్ ఒక తల్లి. చంకన బిడ్డతో నేలకొరిగిన తల్లి, మగవాడి ఆగ్రహానికి అర్హమైన కారణం. కానీ ఆమె రాసే మనిషి కూడా. 1991లో ఫెడరల్ ప్రాసిక్యూటర్ ఆఫీసుకి ఆమె రాసిన ఉత్తరాలు ప్రభుత్వం వైపు ఫైళ్ళలో బెదిరింపుగా నమోదయ్యాయి. వాటిలో ప్రభుత్వాన్ని బాబిలోన్ రాణి అని సంబోధించింది. ఆ ఇంటి మత విశ్వాసానికి రూపం ఇచ్చింది ఆమేనని ఆ కేసు గురించి రాసినవాళ్ళు చాలామంది అంటారు. అంటే ఆమె ఎవరి వెనకా నడిచిన మనిషి కాదు. నాకు నచ్చని ఆలోచనలే అయినా అవి ఆమె సొంత ఆలోచనలు. రాజ్యం ఆమె ప్రాణం తీసింది. ఆమె పక్షాన మాట్లాడినవాళ్ళు ఆమె మాట తీసేశారు.

వేకో దగ్గర ఇంకా ఇబ్బంది పడ్డాను. 1993 ఫిబ్రవరి 28న టెక్సాస్‌లోని ఆ మతబృందం నివాసం మీదికి ఏటీఎఫ్ సాయుధంగా వెళ్ళింది. కాల్పుల్లో నలుగురు అధికారులు, ఆరుగురు బృంద సభ్యులు పోయారు. 51 రోజుల ముట్టడి తర్వాత ఏప్రిల్ 19న ట్యాంకులతో గ్యాసు పంపారు, ఇల్లు అంటుకుంది. చనిపోయిన 76 మందిలో పిల్లలు చాలామంది. లోపలి పిల్లల మీద అత్యాచారం జరుగుతోందన్న మాట, వాళ్ళు కాలిపోయిన ఆ దాడిని సమర్థించుకోవడానికి పనికొచ్చింది. పిల్లల్ని కాపాడటానికని పిల్లలున్న ఇంట్లోకి గ్యాసు పంపడం ఏం తర్కమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అయితే 1995 జూలైలో కాంగ్రెస్ విచారణలో ఒక పద్నాలుగేళ్ళ అమ్మాయి వచ్చి కూర్చుని, తనకి పదేళ్ళప్పుడు ఆ గురువు తనని ఏం చేశాడో చెప్పింది. ఆ సాక్ష్యం ఎవరి కథలోనూ ఇమడలేదు. తుపాకీ హక్కుల వాళ్ళకి వేకో అంటే రాజ్యం చేసిన హత్యలు మాత్రమే. ప్రభుత్వానికి అది ఒక సాకు. రెండూ నిజం కావచ్చు కదా, ఆ పిల్లని ఆ గురువు చెరచడమూ, రాజ్యం మిగతా పిల్లల్ని పొట్టన పెట్టుకోవడమూ? ఒకదానికోసం ఇంకోదాన్ని దాచవలసిన అగత్యం ఆ అమ్మాయికి లేదు. మనకీ లేదు.

మళ్ళీ ఆ ముఖచిత్రం. ప్రభుత్వం మనిషి ఒక స్త్రీని చెరచడం రాస్ పాఠకులకి ఒక రూపకం. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీకి అది రూపకం కాదు. ఆమె భర్తని కొట్టి చంపారు. ఊరు భగ్గుమంది, ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది, కోర్టు మాత్రం వాళ్ళని వదిలేసింది. 2007లో వాకపల్లిలో తమపై గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని చెప్పిన పదకొండు మంది ఆదివాసీ స్త్రీలు 2023 దాకా ఎదురుచూశారు. దర్యాప్తు సరిగా జరగలేదని, బాధితులకి పరిహారం ఇవ్వాలని అంటూనే కోర్టు పోలీసుల్ని నిర్దోషులుగా తేల్చింది. నిజంగా జరిగినప్పుడు రాజ్యాన్ని వణికించలేని నేరం, బొమ్మగా గీస్తే మాత్రం 861 పేజీల తిరుగుబాటుకి సరిపడా కోపాన్నిస్తుంది. ఎందుకంటే బొమ్మలో చెరచబడుతున్నది ఆమె కాదు, ఆ బొమ్మ చూస్తున్న మగవాడి ఆస్తి.

ఇక్కడొక మాట అనాలి. ఆయుధం గురించి మన దేశం పేరు కూడా ఆ సాహిత్యంలో తరచు వినిపిస్తుంది. ఒక జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఆయుధ చట్టాన్ని గాంధీ ఎంత నిందించాడో తుపాకీ హక్కుల వాళ్ళు ఇష్టంగా ఎత్తిచూపుతారు. అది 1918లో ఖేడా జిల్లాలో బ్రిటిష్ సైన్యంలో చేరమని జనాన్ని అడుగుతూ వేసిన కరపత్రంలోది. ఆ సంగతి చెప్పరు.

అమెరికాలోనే తుపాకీ చరిత్రని ఇంకోవైపు నుంచి చెప్పిన స్త్రీ ఉంది. 1892లో మెంఫిస్‌లో స్నేహితుల్ని తెల్ల మూక చంపేశాక ఐడా బి. వెల్స్ పిస్తోలు కొనుక్కుంది. ప్రతి నల్లవాళ్ళ ఇంట్లోనూ రైఫిల్‌కి గౌరవస్థానం ఉండాలని రాసింది. 1967లో బ్లాక్ పాంథర్లు తుపాకులతో కాలిఫోర్నియా శాసనసభకి వెళ్ళినప్పుడు, బహిరంగంగా తుపాకీ మోయకూడదన్న చట్టం మీద గబగబా సంతకం పెట్టిన గవర్నర్ రోనాల్డ్ రీగన్. కాబట్టి తుపాకీ ఎవరి చేతిలో ఉంటే స్వేచ్ఛ, ఎవరి చేతిలో ఉంటే ప్రమాదం అన్నది ఎప్పుడూ ముందే తేలిపోయి ఉండేది. మళ్ళీ 1990ల మొదట్లో, సరిగ్గా ఈ కాలంలోనే, తుపాకీ సంఘం ఎన్నారే స్త్రీల కోసం బాధితురాలివి కావద్దంటూ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అది హెచ్చరించేది ఎక్కువగా అపరిచితుడి గురించి. మన అందరి అనుభవంలోనూ చెయ్యెత్తేది ఇంట్లోవాడు.

నవల వచ్చిన 1996లోనే ఇంకొకటి జరిగింది. సెప్టెంబర్లో లాటెన్‌బర్గ్ సవరణ అనే చిన్న క్లాజు బడ్జెట్ బిల్లులో కలిసి చట్టమైంది. కుటుంబ హింస నేరం, అది చిన్న నేరంగా నమోదైనా సరే, రుజువైతే అతను తుపాకీ ఉంచుకోకూడదు. పోలీసులకీ సైనికులకీ కూడా మినహాయింపు లేదు. దీనికి రెండేళ్ళ ముందు, 1994లో, స్త్రీలపై హింస నిరోధక చట్టమూ, యుద్ధపు తరహా తుపాకుల మీద నిషేధమూ, రక్షణ ఉత్తర్వు ఎదుర్కొంటున్నవాడికి తుపాకీ ఉండకూడదన్న నిబంధనా ఒకే పెద్ద బిల్లులో వచ్చాయి. తుపాకుల నిషేధం 2004లో గడువు తీరిపోయింది, మిగతావి నిలబడ్డాయి. ఒకే బిల్లు ఒకరికి దౌర్జన్యం, ఇంకొకరికి తలుపుకి గడియ.

గడియ ఎంత బలమైనదో 1999 జూన్లో కొలరాడోలోని కాసిల్ రాక్‌లో తెలిసింది. జెస్సికా గొంజాలెస్ చేతిలో భర్త మీద కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు ఉంది. అతను ముగ్గురు ఆడపిల్లల్ని ఇంటి ముందు నుంచి తీసుకుపోయాడు. ఆమె సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాటేవరకూ పోలీసులకి మళ్ళీమళ్ళీ ఫోన్ చేసింది, స్టేషన్‌కి వెళ్ళింది. ఇంకాసేపు చూడమన్నారు. అతను ఆ సాయంత్రమే తుపాకీ కొన్నాడు. తెల్లవారుజామున పోలీస్ స్టేషన్‌కే వచ్చి కాల్పులు జరిపి చచ్చాడు. ట్రక్కులో పిల్లల శవాలున్నాయి. 2005లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుని పోలీసులచేత అమలు చేయించుకునే రాజ్యాంగ హక్కు ఆమెకి లేదని 7–2తో చెప్పింది. అమెరికా ఆమె మానవహక్కుల్ని ఉల్లంఘించిందని 2011లో అమెరికా ఖండాల మానవహక్కుల కమిషన్ తేల్చింది. ఆ 861 పేజీల రాజ్యం తలుపు బద్దలుకొట్టి వచ్చే రాజ్యం. జెస్సికా ఫోన్ చేసి చేసి అలిసిపోయిన రాజ్యం ఇంకోటి.

మళ్ళీ చరిత్ర దగ్గరికే వస్తాను. 2022లో బ్రూయన్ తీర్పులో సుప్రీంకోర్టు, తుపాకీ చట్టం ఏదైనా దేశపు చారిత్రక సంప్రదాయంలో ఇమడాలంది. రాస్ నవలలో చేసిన పని కూడా అదే, చరిత్రని సాక్షిగా పిలవడం. కానీ ఏ చరిత్ర? 1791లో భార్యని కొట్టినవాడి తుపాకీ తీసేసుకునే చట్టం ఎక్కడుంటుంది? స్త్రీలకి 1920 దాకా ఓటే లేదు. సరిగ్గా ఈ తర్కంతోనే 2023లో ఒక అప్పీలు కోర్టు, రక్షణ ఉత్తర్వు ఉన్నవాడికి తుపాకీ కూడదన్న 1994 నిబంధనని కొట్టేసింది. టెక్సాస్‌లో ఒకతను తన పిల్లాడి తల్లిని కొట్టి, ఎవరికైనా చెబితే కాల్చేస్తానని బెదిరించిన కేసు అది. 2024 జూన్లో సుప్రీంకోర్టు 8–1తో ఆ తీర్పుని తిప్పికొట్టింది. ఊపిరి పీల్చుకున్నాను గానీ, ఆ సంవత్సరం పొడుగునా వాళ్ళు పాత చట్టాల్లో వెతికిన పోలికలు చదివితే నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. తెలంగాణ పోరాట స్త్రీల కథనాలకి స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అని ఎందుకు పేరు పెట్టిందో ఎమ్మేలో చదివినప్పటికంటే అప్పుడు బాగా అర్థమైంది.

తిరిగి వచ్చే ముందురోజు బ్యాగు బరువు చూస్తూ, “ఇంత లావు పుస్తకం మోసుకెళ్తావా? ఇంతకీ అందులో ఆడవాళ్ళేం చేస్తారే?” అని అడిగింది అక్క. తలుపు పట్టుకుని నిలబడ్డ వికీ సంగతి చెప్పాను. ఆ పాప ఏమైంది అంది వెంటనే. బతికింది, పెద్దదైంది అన్నాను. అక్క కాసేపు ఆగి, పుస్తకాన్ని చీరల మధ్య సర్దింది, ఆ కాలెండరు అట్టతోనే.