బహిరంగ స్థలాల అందుబాటు (కెనడా)
బహిరంగ స్థలాలు వికలాంగులకు అందుబాటులో ఉండటం గురించి మాట్లాడేటప్పుడు వాంకూవర్‌లోని రాబ్సన్ స్క్వేర్ తరచూ చర్చకు వస్తుంది. వాస్తుశిల్పి ఆర్థర్ ఎరిక్సన్, ఉద్యానశిల్పి కార్నీలియా ఓబర్‌లాండర్ 1970ల్లో రూపొందించిన ఈ ప్రాంగణంలో వెడల్పాటి మెట్ల మధ్యనుంచే ర్యాంపు వంపులు తిరుగుతూ పైకెక్కుతుంది. చక్రాల కుర్చీలో వచ్చేవారు వెనకదారి వెతుక్కోనక్కర్లేదు, అందరితోపాటే వెళ్తారు. ఆలోచన గొప్పదే. కానీ ర్యాంపు వెంట పట్టుకోవడానికి కమ్మీలు లేవు. మెట్టు అంచు, ర్యాంపు ఒకే రంగులో కలిసిపోవడంతో చూపు మందగించినవారు తడబడే ప్రమాదం ఉంది. నేటి రూపకర్తలు అంచులకు రంగు తేడా, కాలికి తెలిసే గుర్తుల పలకలు తప్పనిసరిగా చూస్తారు.

ఇక చట్టాల విషయానికొస్తే, ఆంటారియో ప్రావిన్స్ 2005లో చేసిన అందుబాటు చట్టం 2025 నాటికి అవరోధాలు తొలగించాలంది, అది నెరవేరలేదు. 2019 నాటి సమాఖ్య చట్టానికి గడువు 2040. అయితే కాలిబాటలు, పార్కులు చాలావరకు నగరపాలక సంస్థల చేతిలోనే ఉన్నాయి.